దుబాసీ

ఎనిమిదో ఏట నాకు ఉద్యోగం వచ్చింది.
జీతం లేదు, ఆదివారం సెలవూ లేదు.
ఆసుపత్రిలో అమ్మ కడుపునొప్పికి ఇంగ్లీషులో పేరు వెతకడం,
బ్యాంకు గుమాస్తా విసుగుని
మర్యాదగల స్పానిష్‌లోకి దించడం,
ఇంటి ఓనరు కేకల్లోంచి రాళ్ళేరేసి
అద్దె అంకె ఒక్కటీ నాన్న దోసిట్లో పెట్టడం.

యకీమా లోయలో
ఆపిల్ చెట్లకి నిచ్చెనలు వేసే ఇళ్ళల్లో
ఇలాంటి నౌకరీ ఒకరికి తప్పదు.
చాలామటుకు పెద్దకూతురికే.

మార్చి నెలలో కవరొచ్చింది.
పలచగా ఉంటే రాలేదని అర్థమట.
ఇది బరువుగా ఉంది.
మొక్కజొన్న పిండి డబ్బా వెనక రెండు రోజులు దాచాను,
దొంగసొమ్ములా.

కొండలకి అవతల, నాలుగు గంటల బస్సు.
ఇక్కడే ఇరవై నిమిషాల దూరంలో
ఇంకో కాలేజీ ఉంది, అది నన్నేమీ అడగదు.
పెద్దమ్మ కూతురు యెసేనియా కొండలు దాటి వెళ్ళింది.
ఒక్క టెర్మ్‌కే తిరిగొచ్చింది.
అప్పు మాత్రం ఇంకా తిరిగి రాలేదు,
అది అక్కడే చదువుకుంటోంది, పెరుగుతోంది.
ఇప్పుడు షెడ్డులో అమ్మ పక్కనే నిలబడి
దెబ్బతిన్న కాయల్ని పక్కకి తోస్తుంది.
ఎలా ఉండేదక్కా అక్కడ అంటే
"చలి" అంటుంది.

సాయం దరఖాస్తులో అమ్మ నంబరు అడిగారు.
తొమ్మిది గళ్ళు, తొమ్మిది సున్నాలు.
ఒక్కో సున్నా పెడుతుంటే
ఎవరో తలుపు కొట్టినట్టే ఉంది.

చివరికి బడి నుంచి కబురు, నాన్నని తీసుకురమ్మని.
మందు కొట్టిన తోట వాసనతో,
టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు నాన్న.
మధ్యలో నేను, ఎప్పటిలాగే.

మిస్ హాల్వర్సన్ అంది:
ఇలాంటి పిల్ల నాకు పదేళ్ళకొకరు దొరుకుతారు.
నేనన్నాను: బాగానే చదువుతోందంటోంది.

ఫీజు చాలావరకు వాళ్ళే భరిస్తారు, మిగిలింది చూద్దాం, అంది.
చాలా ఖర్చవుతుందంటోంది, అన్నాను.

మే ఒకటో తారీకు దాటితే సీటు పోతుంది, అంది.
తొందరేం లేదంటోంది.

ప్రతి మాటకీ నాన్న తలూపాడు.
నా గొంతు ఇంత తేలిగ్గా
అబద్ధానికి అలవాటుపడిందా అని
గోడ మీది గడియారం కేసి చూశాను.
మూడింటికి యూరియేల్‌ని బడి నుంచి ఎవరు తెస్తారు,
షెడ్డు గోడకి అంటించిన నోటీసు అమ్మకి ఎవరు చదువుతారు,
ఇవేవీ ఆ కవర్లో రాయలేదుగా.

నాన్న టోపీ తీసి పెట్టుకున్నాడు. లేచాడు.
మేస్త్రీల తిట్లలో నేర్చిన ఇంగ్లీషులో,
నా వైపు చూడకుండా:
"మే ఫస్ట్. ఓకే."

ట్రక్కులో చాలాసేపు మాట్లాడలేదు.
రోడ్డుకి రెండు వైపులా పూత,
మంచు పడుతుందేమోనని
తోటల్లో పెద్ద ఫ్యాన్లు సిద్ధంగా నిలబడి ఉన్నాయి.
ఒక మలుపు తిరిగాక అన్నాడు:
"నొయెమీ, నీ స్పానిష్ పాడైపోతోందే.
తొందరేం లేదని ఆవిడ అనలేదు."

నవ్వొచ్చింది. నవ్వడానికి నోరు తెరిస్తే
వచ్చింది నవ్వు కాదు.
ఆయన రేడియో పెట్టాడు, అది సరిగా పలకదు.
గరగర వింటూ ఇల్లు చేరాం.

కవరు ఇప్పుడు బల్ల మీదే ఉంది, ఉప్పు డబ్బా పక్కన.
నేనింకా సంతకం చెయ్యలేదు.

ఫోను మోగింది. కరెంటు కంపెనీ వాళ్ళు.
నేను చెయ్యి తుడుచుకునే లోపే
యూరియేల్ అందుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు,
"మా అమ్మ ఏమంటోందంటే..." అన్నాడు
తడుముకోకుండా.

వాడికి మొన్న జనవరిలో
ఎనిమిది నిండాయి.